బోరులో బుడగలు, సీసాలో నెయ్యి

ఊరికి వెళ్లినవాడు ఏదో ఒకటి పోగొట్టుకుని రావడం మా ఇంట్లో ఆనవాయితీ. మా నాన్న ఒకసారి గొడుగు పోగొట్టుకున్నాడు. మా మేనమామ టీ తాగడానికి దిగి, ఎక్కి వచ్చిన రైలునే పోగొట్టుకున్నాడు. నేను రెండు సీసాల గాలి పోగొట్టుకుని వచ్చాను. ఇంట్లో చెబితే "పోనీలే, గాలే కదా" అన్నారు. ఆ గాలి సంగతి తేలక ఒక ఇంట్లో పదకొండు రోజులుగా పొయ్యి వెలగలేదని వాళ్లకు తెలియదు.

నేను భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. బొగ్గు పొరల్లో మీథేన్ వాయువు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు, ఎందుకు అన్నది నా అంశం. మూడేళ్లుగా చదువుతున్నాను కాబట్టి ఆ వాయువు గురించి నాకు అన్నీ తెలుసు, దాన్ని చూడటం ఒక్కటే తక్కువ. ఒకరోజు మా ప్రొఫెసర్ గారు పిలిచారు. చింతలపూడి అవతల, వాళ్ల చెల్లెలికి తెలిసిన ఒక రైతు ఇంట్లో బోరు నుంచి బుడగలు వస్తున్నాయట. అగ్గిపుల్ల చూపిస్తే అంటుకున్నాయట.

"ఆ వైపు నేల కింద బొగ్గుంది. కానీ చాలా లోతున ఉంది. అంత లోతు నుంచి గ్యాస్ ఇంత పైకి రావాలంటే రాళ్లలో పెద్ద పగులు ఉండాలి. ఉంటే అది ఆగదు, ఆ ఇల్లు అక్కడ ఉండకూడదు. వెళ్లి ఒక సీసా గ్యాస్ పట్టుకురా. పోల్చి చూడటానికి కొల్లేరు బురదలోంచి వచ్చేది ఇంకో సీసా."

"ఇల్లు ఖాళీ చెయ్యమని నేను చెప్పాలా సార్?"

"నువ్వేమీ చెప్పొద్దు. సీసాలు తే."

బాధ్యత ఎంత ఉందో అంత తేలిపోయింది. విశాఖలో రైలెక్కాను.

ఏలూరు: గోలీ సోడా

నాది తాడిపత్రి వైపు. మా నేలలో సున్నపురాయి, మా మాటలో కారం ఎక్కువ. మా వైపు మనిషి మీద ప్రేమ ముదిరితే తిడతారు. ఏలూరులో రైలు దిగిన పది నిమిషాల్లో నన్ను ఆరుగురు "అండీ" అన్నారు. వాళ్లలో ఒకాయన నా కాలు తొక్కినవాడు. తొక్కింది ఆయన, నొప్పి నాది, "చూసుకోవాలి కదండీ" అన్నదీ ఆయనే. అంత మర్యాదగా అన్నాక క్షమాపణ చెప్పుకోక తప్పలేదు.

కాలువ పక్కన బండి మీద సోడా కొట్టే ఆయన దగ్గర ఆగాను. ఇరవై రూపాయలు. నిమ్మకాయా, ఉప్పా, రెండూనా అని అడిగి, రెండూ అంటే మెచ్చుకున్నట్టు తలూపాడు. సీసా లోపల నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. ఒక్క బుడగ లేదు. గోలీని నొక్కగానే కుయ్యిమని మొత్తం సీసా ఉడికిపోయింది.

"ఇంత గ్యాస్ ఇందాక ఎక్కడుందండీ?" అన్నాను, ఏమంటాడో చూద్దామని.

"గోలీ నొక్కనంతసేపూ నీళ్లేనండి. నొక్కితేనే సోడా."

నా సిద్ధాంత గ్రంథంలో రెండో అధ్యాయం అంతా ఇదే, నలభై పేజీలు. బొగ్గులో వాయువు గుహలో గాలిలా తిరుగుతూ ఉండదు. బొగ్గు లోపల కంటికి కనిపించని రంధ్రాలు కోట్లు ఉంటాయి, వాటి గోడలకు అంటుకుని ఉంటుంది. పైనున్న నీటి బరువు దాన్ని గోలీలా అదిమి పెడుతుంది. పొర లోతుగా ఉంటే అదుము ఎక్కువ, మందంగా ఉంటే చోటు ఎక్కువ. పైన మెత్తని బంకరాయి కప్పుగా ఉంటే వాయువు నిలుస్తుంది, ఇసుకరాయి ఉంటే మెల్లగా జారిపోతుంది. నీళ్లు తోడేస్తే గోలీ నొక్కినట్టే, వాయువు ఊడి బయటికొస్తుంది. సోడా ఆయనకు ఇదంతా చెప్పాను. ఓపికగా విని, "గ్లాసు ఇస్తారా అండీ, వెనక జనం ఉన్నారు" అన్నాడు.

పెదపాడు దాటాక: బురద

పెదపాడు దాటి కొల్లేరు వైపు వెళితే నేల కనిపించడం మానేస్తుంది. చూసినంత మేర చేపల చెరువులు, వాటి మధ్య సన్నని గట్లు, గట్ల మీద మోటారు సైకిళ్లు. గూడబాతులు పెన్షన్ తీసుకోవడానికి వచ్చినవాళ్లలా వరసగా నిలబడి ఉన్నాయి. ఒక చెరువు దగ్గర కాపలా ఉండే పెద్దిరాజు గారిని కలవమన్నారు. అరవై దాటిన మనిషి, తాటాకు పాకలో రేడియో వింటున్నారు.

"గాలి కావాలా అండీ? అందరూ చేపల కోసం వస్తారండి ఇక్కడికి."

"బురదలోంచి వచ్చే బుడగలు కావాలి."

"ఎన్ని కేజీలండీ?"

ఎగతాళి చేస్తున్నారేమో తెలియలేదు. ఆ మర్యాదలో పసిగట్టడం కష్టం. పడవలో తీసుకెళ్లి గెడతో అడుగు బురదను కుళ్లగించారు. బుడబుడమని బుడగలు లేచాయి. సీసాను నీళ్లతో నింపి, నీళ్లలోనే తలకిందులుగా పట్టుకుంటే, బుడగలు లోపలికి ఎక్కి నీళ్లను కిందికి నెడతాయి. కాసిని నీళ్లు మిగిలి ఉండగానే మూత బిగించి, సీసాను అలాగే బోర్లించి ఉంచాలి. అడుగున ఆ నీళ్లు ఉంటే గ్యాస్ తప్పించుకోలేదు. ఇదీ పద్ధతి. పద్ధతి మీద మరీ దృష్టి పెట్టి నేను పడవ అంచు మీద వాలాను. నడుము దాకా బురద. సీసా మాత్రం వదల్లేదు.

నా చేతిలోని గ్యాస్ మీటరు కీచుమంటుంటే పెద్దిరాజు గారు జాలిగా చూశారు. "అదెందుకండీ అలా ఏడుస్తోంది?"

"గ్యాస్ ఉందని చెబుతోంది."

"మాకు చేపలు చెబుతాయండి. మబ్బు పట్టిన పొద్దున నోళ్లు తెరుచుకుని పైకొచ్చేస్తాయి. అడుగున మేత కుళ్లిపోయిందన్నమాట. పై నీళ్లు ఎంత తేటగా ఉంటే ఏం లాభమండీ? కింద కుళ్లితే పైన బుడగ."

ఆ మాటను నేను నోట్‌బుక్‌లో రాసుకోలేదు. రాసుకుని ఉంటే ఈ యాత్ర ఒక రోజు తగ్గేది. అప్పటికి నా దృష్టంతా పాకలో ఉడుకుతున్న శీలావతి చేపల పులుసు మీద ఉంది. మా ఊళ్లో చేప అంటే అక్వేరియంలో ఉండేది. నేను ముళ్లు ఏరుకునే తీరు చూసి ఆయన నా కంచం లాక్కుని, చిన్నపిల్లాడికి తీసినట్టు ముళ్లు తీసి ఇచ్చారు. సీసా మీద "కొల్లేరు" అని కాగితం అంటించాను.

చింతలపూడి అవతల: చల్లని వంటిల్లు

మర్నాడు ఏలూరు నుంచి బస్సు ఉత్తరంగా వెళ్లేకొద్దీ నల్లనేల ఎర్రబడింది, వరి పోయి పామాయిల్ తోటలు వచ్చాయి. చెట్ల నీడలో కోకో మొక్కలు, మొదలుకే అంటుకున్న కాయలు. ఈ పచ్చదనం కింద, వందల మీటర్ల లోతున, ఎప్పటిదో ఒక అడవి బొగ్గయి పడుకుని ఉంది. ఆ ఆలోచనకు నాకు ఒళ్లు పులకరించింది. పక్క సీటాయన నిద్రలో నా భుజం మీద తల వాల్చడంతో పులకరింత ఆగిపోయింది.

బోరున్న ఇంటి యజమాని సుబ్బారావు గారు బస్టాపుకే వచ్చారు. నలభై ఐదేళ్ల రైతు, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఇల్లు కట్టి నాలుగేళ్లట, గోడల రంగు ఇంకా వెలవలేదు. పెరట్లో బోరు, దానికి ఐదడుగుల దూరంలో వంటింటి గోడ. గ్యాస్ బండను తీసి దూరంగా కొబ్బరిచెట్టు కింద పెట్టారు, తప్పు చేసిన పిల్లాడిని గోడకుర్చీ వేయించినట్టు.

ఆయన భార్య వరలక్ష్మి గారు మజ్జిగ తెచ్చారు. ఇస్తూ తల దించుకున్నారు.

"ఇంటికొచ్చినవాళ్లకి కాఫీ ఇవ్వలేకపోతున్నామండి. ఏమనుకోకండి."

"నాకు మజ్జిగే ఇష్టమండీ."

"అందరూ అలాగే అంటున్నారండి" అన్నారామె.

పదకొండు రోజులుగా అన్నం, కూర ఆమె తోటికోడలి ఇంటి నుంచి క్యారేజీలో వస్తున్నాయి. సుబ్బారావు గారి అమ్మగారు ఏకంగా పెద్దకొడుకు ఇంటికే మకాం మార్చేశారు. తోటికోడలు క్యారేజీ ఇచ్చినప్పుడల్లా "ఏమే వరలక్ష్మీ, నీ పొయ్యి ఇంకా పుట్టింటి నుంచి రాలేదా?" అంటుందట. "కూర బాగానే ఉంటుందండి," అన్నారు వరలక్ష్మి గారు, "అరగదు."

మీటరు తీసి వంటిల్లంతా తిరిగాను. సున్నా. బోరు మూతి దగ్గర పెడితే కీచుమంది. వాళ్లిద్దరూ ఆ చప్పుడుకు ఒక అడుగు వెనక్కి వేశారు.

"వంటింట్లో ఏమీ లేదండీ," అన్నాను.

"ఇవాళ లేదు," అన్నారు సుబ్బారావు గారు. "రేపో అండీ?"

అబద్ధం చెప్పడం నాకు బాగానే వచ్చు. అక్కడ రాలేదు. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తేనే రేపటి మాట చెప్పగలం అన్నాను. కింద బొగ్గు నుంచే అయితే? అని ఆయన అడగలేదు. గోడ వైపు చూసి, చేత్తో ఒకసారి తడిమారు.

పంపు వేసి చూద్దామంటే ఆ పూట వ్యవసాయ కరెంటు లేదు. బోరు నుంచి గొట్టం పెట్టి, బకెట్లో సీసా బోర్లించి గ్యాస్ పట్టాను. శాస్త్రవేత్తలా ప్రశ్నలు వేశాను. చుట్టుపక్కల నేల పగిలిందా? లేదండి. పక్క తోటల బోర్లలో బుడగలున్నాయా? ఎక్కడా లేవండి. ఈ చోట ఇదివరకు ఏమైనా ఉండేదా? భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏమీ లేదండి. ఖాళీ జాగానేనండి."

రెండో సీసా మీద "చింతలపూడి" అని రాశాను.

తాడేపల్లిగూడెం: బోర్లించిన సీసాలు

నల్లజర్ల మీదుగా తాడేపల్లిగూడెం చేరేసరికి సాయంత్రమైంది. ఉల్లిపాయల లారీలు ఊరికి ముందే వాసనతో స్వాగతం చెప్పాయి. ఆ పూట బస ప్రొఫెసర్ గారి చెల్లెలు కామేశ్వరి గారింట్లో. భర్త పురోహితులు. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఇంట్లో లేరు. ఆమె నాకు పనసపొట్టు ఆవకూర వడ్డించారు. మూడోసారి వద్దన్నాను. మా వైపు "వద్దు" అంటే వద్దు. ఇక్కడ అది బేరానికి మొదటి మాట.

సీసాలు రెండింటినీ వంటింటి గూట్లో జాగ్రత్తగా బోర్లించి పడుకున్నాను.

పొద్దున్న లేచి చూస్తే సీసాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. "చింతలపూడి" సీసా నిండా నెయ్యి. "కొల్లేరు" సీసా నిండా నిమ్మకాయ పచ్చడి.

"పిన్నిగారూ," అన్నాను. "ఈ సీసాల్లో..."

"కడిగి బోర్లించావు కదా నాయనా. ఇంకా తడిగా ఉంటే తుడిచి పోశాను. ఎవరెవరివో పేర్లు కూడా రాసిపెట్టుకున్నావు, బుద్ధిమంతుడివి. ఒకళ్ల సీసా ఒకళ్లకి తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇస్తామా?"

ఆమె తప్పేమీ లేదు. బోర్లించి ఉన్న తడి సీసా ఏ వంటింట్లోనైనా ఖాళీ సీసాయే. ఇరుగు పొరుగు గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదన్నది ఆ ఇంటి ధర్మం. మూత తీసిన క్షణంలో చింతలపూడి గ్యాస్, కొల్లేరు గ్యాస్ ఆ వంటింట్లో చేతులు కలుపుకుని కిటికీలోంచి వెళ్లిపోయి ఉంటాయి. పైకప్పు రాయి ఎంత ముఖ్యమో మూడో అధ్యాయంలో నేను రాసిన దానికంటే ఇది బాగా రుజువు చేసింది.

ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను.

"శాంపిళ్లు పోయాయి సార్."

"పగిలాయా?"

"లేదు సార్. ఒకటి నెయ్యి అయింది."

"ఆవు నెయ్యేనా?"

"అవును సార్."

"మా చెల్లి నెయ్యి బాగుంటుంది. మళ్లీ వెళ్లు."

మందుల షాపులో రబ్బరు మూతలున్న కొత్త సీసాలు కొన్నాను. నెయ్యి సీసా ఉంచేసి వెళతానంటే కామేశ్వరి గారు ఒప్పుకోలేదు. "వాళ్ల పేరు మీద పోశాక వాళ్లకే చేరాలి నాయనా."

మళ్లీ అదే పెరడు

మర్నాడే నేను మళ్లీ కనిపించేసరికి సుబ్బారావు గారి ముఖం పాలిపోయింది. డాక్టరు తనంతట తానే ఇంటికొస్తే భయపడమా? నేను ఏమీ చెప్పకుండా నెయ్యి సీసా వరలక్ష్మి గారి చేతిలో పెట్టాను. జరిగింది చెప్పాను. ఆమె ముందు నవ్వారు. తర్వాత సీసా వైపు చూస్తూ, "వేడన్నం లేకుండా నెయ్యి ఏం చేసుకోనండి" అన్నారు. ఆ మాట మెల్లగానే అన్నారు.

ఊళ్లోకి నెయ్యి వచ్చిందన్న వార్తకో, నేను వచ్చానన్న వార్తకో, పెద్దకొడుకు ఇంటి నుంచి సుబ్బారావు గారి అమ్మగారు కర్ర ఊతంతో వచ్చేశారు. అరుగు మీద కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూశారు.

"గాలి పట్టే బాబువి నువ్వేనా? పట్టి ఏం చేస్తావు. నూతిని పూడ్చినవాళ్లని గంగమ్మ ఊరికే వదులుతుందా?"

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నారు సుబ్బారావు గారు.

"ఏ నుయ్యి మామ్మగారూ?" అన్నాను.

వరలక్ష్మి గారు లోపలికి వెళ్లిపోయారు. సుబ్బారావు గారు నేల చూస్తూ చెప్పారు. పెరట్లో తాతల నాటి నుయ్యి ఒకటి ఉండేది. ఎండిపోయింది. ఇల్లు కట్టేటప్పుడు పూడ్చేశారు. నుయ్యి పూడిస్తే పాపమని అమ్మగారు మూడు రోజులు అన్నం మానేశారట. అందుకని ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తరు. నేను అడిగినప్పుడు కూడా.

"ఏం పోసి పూడ్చారండీ?"

"తోటలో ఉన్నదేనండి. పామాయిల్ మట్టలు, కోకో కాయల తొక్కలు. ట్రాక్టర్లకి ట్రాక్టర్లు పోశాం. పైన ఎర్రమట్టి వేసి దిమ్మిస కొట్టించాం."

"బోరుకి ఎంత దూరం?"

ఆయన బోరు దగ్గర నుంచి ఆరడుగులు వేసి ఆగారు. పూడ్చిన చోటి పైన ఇప్పుడు తులసి కోట ఉంది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. మామ్మగారు కర్ర సవరించుకున్నారు కాబట్టి త్వరగా వివరించాను. చెట్ల చెత్త పోగు వేశారు, అది బొగ్గుకు మొదటి మెట్టు. మందంగా వేశారు. పైన బంకమట్టితో గాలి చొరకుండా కప్పు వేశారు. వానలు పడి నీళ్లు నిండాయి. ఆ పక్కనే బోరు దించి, పగులు కూడా సమకూర్చారు. కోట్ల ఏళ్లలో భూమి చేసే పనిని సుబ్బారావు గారు నాలుగేళ్లలో పెరట్లో మొదలుపెట్టారు. బొగ్గు కావడం ఒక్కటే మిగిలింది, గ్యాస్ అప్పుడే వచ్చేసింది. కింద కుళ్లితే పైన బుడగ. పెద్దిరాజు గారు మొదటి రోజే చెప్పారు.

"గంగమ్మ కాదంటావు," అన్నారు మామ్మగారు, కొంచెం నిరాశగా.

"కోకో తొక్కలండి."

నా నవ్వు రుజువు కాదు కదా. ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. "పంపు వేసి రెండు గంటలు ఆపకుండా నడుపు," అన్నారు. "బొగ్గు గ్యాస్ అయితే నీళ్లు దిగేకొద్దీ పెరగాలి. పై పొరల నుంచి వస్తుంటే, ఉన్న కాస్తా నీళ్లతో పోయి తగ్గాలి." గోలీ నొక్కడమే. ఆ పూట కరెంటు ఉంది. ముందు కొత్త సీసాలోకి బోరు గ్యాస్ పట్టుకున్నాను, తర్వాత పంపు వేశారు. ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ, తోటికోడలు గారూ బోరు చుట్టూ నిలబడ్డారు. సుబ్బారావు గారు ఒక చెయ్యి ఇంటి గోడ మీద ఆనించే ఉంచారు, ఇల్లు ఎటైనా వెళ్లిపోతుందేమో అన్నట్టు.

గంట దాటాక మీటరు కూత సన్నగిల్లింది. రెండో గంటకు ఉండుండి మూలిగింది. అప్పుడు తులసి కోట పక్కన గునపంతో మూరెడు లోతు పొడిచి మీటరు పెడితే, అది నా చేతిలోంచి ఎగిరిపోతుందా అన్నంత గోల చేసింది. పెరట్లో ఇంకో పదిచోట్ల పొడిస్తే చప్పుడే లేదు.

ప్రొఫెసర్ గారు ఫోన్‌లోనే సుబ్బారావు గారితో మాట్లాడారు. ఇల్లు కదలనక్కర్లేదు. బోరు మూత బిగించి, ఇంటి కప్పు కంటే ఎత్తుగా ఒక గొట్టం పెట్టి గ్యాస్‌ను గాలిలోకి వదిలేయాలి. వారంలో నుయ్యి తవ్వి చెత్త తీసేయాలి. ల్యాబ్ వాళ్లు ఖాయం చేసేదాకా మీటరు అక్కడే ఉంచి రోజూ చూసుకోవాలి. ఆయన చెప్పిన ప్రతిదానికీ సుబ్బారావు గారు "ఆయ్, అలాగేనండి" అన్నారు. చివరి "అలాగేనండి" సగంలోనే ఆపి, ఫోన్ నాకిచ్చేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. చేతులకు ఏమీ అంటలేదు.

మధ్యాహ్నానికి గొట్టం లేచింది. వంటింట్లో కిటికీలు తెరిచి మూల మూలా మీటరు పెట్టాను. సున్నా. కొబ్బరిచెట్టు కింద శిక్ష ముగించుకుని బండ లోపలికి వచ్చింది. వరలక్ష్మి గారు అగ్గిపుల్ల గీసి ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణంలో, మూడేళ్లు చదివినవాణ్ని, నేనూ ఒక అడుగు వెనక్కి వేశానని ఒప్పుకుంటున్నాను. పొయ్యి మామూలుగా వెలిగింది.

తోటికోడలు గారు గుమ్మంలోంచి, "వచ్చిందా పొయ్యి పుట్టింటి నుంచి?" అన్నారు.

"వచ్చిందక్కా. రేపటి నుంచి నీ క్యారేజీకి సెలవు. ఇవాళ నువ్వే ఇక్కడ తిని వెళ్లు."

ముందు కాఫీ వచ్చింది. నాకు మజ్జిగే ఇష్టమని నిన్న చెప్పిన సంగతి ఆమె గుర్తు చేశారు. నేను గ్లాసు వదల్లేదు. తర్వాత వేడన్నం, ముద్దపప్పు, కామేశ్వరి గారి నెయ్యి. మామ్మగారు నా పక్కనే కూర్చుని, "గంగమ్మకి కూడా ఒక ముద్ద పెట్టు, పోయేదేముంది" అన్నారు. పెట్టాం. శాస్త్రానికి దీనివల్ల నష్టమేమీ రాలేదు.

తిరుగు దారి

నాలుగో రోజు పెద్దిరాజు గారికి నిమ్మకాయ పచ్చడి చేరవేసి, మళ్లీ బురద గ్యాస్ పట్టుకున్నాను. ఈసారి పడలేదు. "గాలికి పచ్చడా అండీ? రేపు కూడా రండి" అన్నారు. కొత్త సీసాలకు ఊళ్ల పేర్ల పైన పెద్ద అక్షరాలతో "ఇది ఖాళీ సీసా కాదు" అని రాశాను. రైల్లో ఎదురు సీటాయన దాన్ని చదివి, సీసాను చూసి, నన్ను చూసి, వేరే సీటుకు మారాడు.

కొన్ని వారాలకు ల్యాబ్ నుంచి కాగితం వచ్చింది. బోరు గ్యాస్‌లో ఉన్నది నిన్నమొన్నటి చెట్ల కార్బన్, కోట్ల ఏళ్ల బొగ్గుది కాదు. అంటే లోతున ఉన్న ఆ పాత అడవి తన గ్యాస్‌ను తన దగ్గరే పెట్టుకుని నిద్రపోతోంది, దాని పైకప్పు చెక్కుచెదరలేదు. సుబ్బారావు గారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. నుయ్యి తవ్వేశారట, బుడగలు పోయాయట, ఆ చెత్త కొబ్బరిచెట్లకు ఎరువయిందట.

"మా ఆవిడకి కూడా ఒకసారి చెబుతారా అండీ? పొయ్యి దగ్గరుంది, పిలుస్తాను."

"వద్దండీ," అన్నాను. "అక్కడే ఉండనివ్వండి."